తపాలా బిళ్ళపై బేత్లెహేము



నేడు నేనొక చిత్రపటమును గూర్చి ప్రసంగింపబూనితిని. రేడియోలో పటమును చూపుట సాధ్యము కాదు. కావున నేను దానిని ఎదుట నుంచుకొని మాటలతో వర్ణింతును. మీరు మనస్సుతో చూడవలెను. పటమనగానే గోడకు వ్రేలాడదీయునంతటి దని తలపకుడు. నా యెదుట నున్నది తపాలా బిళ్ళ. బొటనవ్రేలు దానిపై నుంచినచో చాలవరకు మాయమగును.

1971వ సంవత్సరము క్రిస్మసు దినములలో, అమెరికాలో చదువుకొనుచుండిన నా మిత్రుడొకడు నాకు ఉత్తరము వ్రాసెను. కవరుపై నంటించిన బిళ్ళలలో ఇది యొకటి. వెల యెనిమిది సెంట్లు. ఆ సంవత్సరము ఆ దేశములో సాధారణమైన ఉత్తరమును ఒక ఊరినుండి మఱియొక ఊరికి చేర్చుటకు పట్టిన కూలి అంతియే. ఉత్తరములోని సమాచారము నేడు నాకు జ్ఞప్తికి లేదు. బిళ్ళను మాత్రము నీటిలో నానవైచి, కవరునుండి ఊడదీసి, ఆరబెట్టి పుస్తకములో దాచితిని.

ఇందులో నొక చీకటి గుహ కలదు. గుహ ముంగిట నేలమీద అప్పుడే పుట్టిన పసివాడు పరుండియున్నాడు. తల్లి చేతులు జోడించి మోకరించియున్నది. ఆమె వెనుక వృద్ధుడైన భర్త. వారి కెదురుగా ఇద్దరు గొఱ్ఱెల కాపరులు వచ్చియున్నారు. ఒకడు మోకాళ్ళపై నిలిచినాడు. రెండవవాడు ఇంకను వంగుచున్నాడు. వారి బట్టలు చిరిగి పేలికలై యున్నవి. ఇది క్రీస్తు జననమును చూపు పటము. దీనిని వేసినవాడు ఇటలీ దేశములోని వెనిసు నగరమున నివసించిన జోర్జోనే అను చిత్రకారుడు. అతడు 1510వ సంవత్సరమున ముప్పదియేండ్లు దాటిన ప్రాయముననే మహామారి సోకి మృతినొందెను. దాదాపు నాలుగువందల అరువదియేండ్లకు పిమ్మట అతని పటము ఉత్తరముపై నంటుకొని సముద్రములు దాటి నా యింటికి వచ్చినది. అది ఎట్లు వచ్చినది, వచ్చుటలో దారిలో నేమి పోగొట్టుకొన్నది అనునదే నేటి ప్రసంగము.

ముందుగా కథ తెలియవలెను. క్రైస్తవుల సువార్తలలో లూకా వ్రాసినదానియందు ఇది కలదు. రోము చక్రవర్తి ప్రజల లెక్క వ్రాయింప నాజ్ఞాపింపగా, యోసేపు నిండుచూలాలైన మరియమ్మను వెంటబెట్టుకొని బేత్లెహేమను ఊరికి పోయెను. సత్రములో చోటు లేకపోయెను. అక్కడనే బిడ్డ పుట్టగా, తల్లి వానిని పొత్తిగుడ్డలలో చుట్టి పశువుల తొట్టిలో పరుండబెట్టెను. ఆ రాత్రి పొలములో మంద కాచుకొనుచున్న కాపరులకు దేవదూత కనబడి ఆ వార్త చెప్పెను. వారు పరుగున వచ్చి చూచి పోయిరి. లూకా చెప్పిన దింతియే. అందులో గుహ లేదు; ఎద్దు లేదు; గాడిద లేదు. అయినను ఏ దేశపు పటము చూచినను ఇవి తప్పక కనబడును.

ఇవి ఎచటినుండి వచ్చినవి? గుహ, సువార్తలతో చేర్పబడని యాకోబు పేరిటి పురాతన గ్రంథమొకదానినుండి వచ్చినది. ఎద్దును గాడిదను గూర్చి, క్రీస్తునకు పూర్వుడైన యెషయా ప్రవక్త, తమకు మేతపెట్టు తావును ఈ పశువులైనను గుర్తించునుగాని మనుష్యులు గుర్తింపరని నిష్ఠురముగా పలికియుండెను. ఆ మాటను తరువాతివారు ఈ తొట్టికి ముడిపెట్టి, రెండు పశువులను తెచ్చి తొట్టి ప్రక్కన కట్టివేసిరి. మూలగ్రంథములో నాలుగు మాటలలో నున్న ఘట్టము, కథకుల నోళ్ళలో పడి పెరిగి పెద్దదగుట మన పురాణశ్రోతలకు క్రొత్తగాదు.

అన్నింటికంటె విశేషమైనది తల్లి మోకరించుట. పూర్వపు పటములలో మరియమ్మ బాలింతవలె పడుకయందు పరుండియుండును. ఒక ప్రక్కన మంత్రసానులు బిడ్డకు నీళ్ళు పోయుచుందురు. మన యిండ్లలో జరుగు పురిటివేడుకవలెనే యుండెడిది. 1372 ప్రాంతమున స్వీడను దేశమునకు చెందిన బ్రిజిట్టా అను భక్తురాలు బేత్లెహేము యాత్ర చేసి, అచట తనకొక దర్శనము కలిగినదని చెప్పెను. ఆమె కనులకు కన్నె మోకరించి ప్రార్థించుచుండగనే నొప్పులు లేకుండ ప్రసవమయ్యెనట. బిడ్డ నేలపై పరుండి వెలుగులు చిమ్ముచుండెనట. యోసేపు తెచ్చిన క్రొవ్వొత్తి ఆ వెలుగులో వెలవెలబోయెనట. ఈ దర్శనము వ్రాతరూపమున దేశదేశములకు వ్యాపించెను. దానితో చిత్రకారులు బాలింత పడుకను తీసివేసిరి. మంత్రసానులు క్రమముగా మఱుగైరి. తల్లి మోకాళ్ళపై నిలిచెను. బిడ్డ తొట్టినుండి వట్టినేలకు దిగెను. ఒక్క యాత్రికురాలి మాట తరతరముల చిత్రకారుల చేతులను నడిపినది. నా బిళ్ళమీది తల్లి అట్లు మోకరించియుండుటకు కారణము ఆ మాటయే.

పదునైదవ, పదునారవ శతాబ్దములను ఐరోపావారు పునరుజ్జీవన కాలమందురు. గ్రీకుల, రోమనుల ప్రాచీనవిద్యలు మరల చిగిర్చిన కాలమది. ఆ కాలపు చిత్రకారుడు నేటివానివలె తనకు తోచినది వేసి అంగడిలో పెట్టువాడు కాడు. పెద్దపనులకు ముందుగా పత్రము వ్రాసికొనెడివారు. ఫ్లోరెన్సు నగరమున ఘిర్లాండాయో అను చిత్రకారుడు 1485లో ఒక అనాథశిశువుల ఆలయమునకు, జ్ఞానులు వచ్చి బాలయేసును పూజించు పటమును వేయుటకు ఒప్పుకొనెను. ఆ పత్రము నేటికిని నిలిచియున్నది. పనిచేయవలసిన గడువు, ఇచ్చెడి సొమ్ము మాత్రమే కాదు; నీలిరంగు ఔన్సు నాలుగు బంగారు ఫ్లోరిన్ల వెలగల మేలురకముగా నుండవలెనని సయితము అందు వ్రాయబడినది. ఆ నీలము ఎచటిదో తెలియునా? ఆఫ్‌గనిస్థానమునందలి బదఖ్‌షాన్ కొండలలో దొరకు లాజవర్దు రాయిని నూరి తీసినది. ఒంటెలమీదను ఓడలలోను ఇటలీకి చేరెడిది. అందుచేతనే ఆ రంగును ఎక్కువగా మరియమ్మ పైవస్త్రమునకు దాచి వాడెడివారు. ఇంటికి బంగారు నగ చేయించినట్లు, దేవాలయమునకు నీలిరంగు కొనియిచ్చెడివారు.

ఆ పటములకు స్థానమును ప్రయోజనమును రెండును కలవు. దేవాలయములో పూజాపీఠముపైన వానిని నిలిపెడివారు. చదువురాని జనులు క్రొవ్వొత్తుల వెలుగున వానిని చూచుచు ప్రార్థించెడివారు. పెద్దపటము ముందు పెద్ద జనసమూహము నిలుచుట ఎట్టిదో తెలిసికొనవలెనన్నచో మనము ఇటలీకి పోనక్కరలేదు. మెదకులోని పెద్ద దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. అందలి రంగుటద్దముల కిటికీలలో నొకటి ఈ క్రీస్తు జననమునే చూపును. ఎండ ప్రసరించినపుడు ఆ మూర్తులు వెలుగును. పొద్దు వాలినచో అవి మాసిపోవును. చూచువాడు తలయెత్తి చూడవలెను. తలయెత్తి చూచుటకును, అరచేతిలో నుంచుకొని వంగి చూచుటకును ఎంత భేద మున్నదో ఆలోచింపుడు.

ఇక కాపరుల మాట. వీరిని చిత్రకారులందరు ఒకే తీరున చూడలేదు. కొందరు వారిని దూరమున కొండపై చుక్కలవలె చూపి వదలిరి. 1483లో ఫ్లోరెన్సునకు ఉత్తరదేశమునుండి ఒక బ్రహ్మాండమైన పటము వచ్చెను. మెడీచీ కుటుంబపు బ్యాంకికి బ్రూజ్ నగరమున ప్రతినిధిగా నుండిన పోర్టినారి అను వర్తకుడు, హ్యూగో వాన్ డెర్ గోస్ అను చిత్రకారునిచేత వేయించి పంపినది. నడిమిపలక ఒక్కటియే ఎనిమిది అడుగులకు మించిన ఎత్తు, దాదాపు పది అడుగుల వెడల్పు. దానిలోని కాపరులు మువ్వురు. ఎండకు కమిలిన మొగములు, కాయలు కాచిన చేతులు, ఆశ్చర్యముతో తెరచిన నోటిలో ఊడిన పళ్ళు. రాజులను ఋషులను చిత్రించుటలో ఆరితేరిన ఫ్లోరెన్సువారు పల్లెటూరివాని మొగమును అంత శ్రద్ధగా వేయవచ్చునని ఆ పటము చూచి తెలిసికొనిరి. రెండేండ్లకు, 1485లో, ఇదివరలో చెప్పిన ఘిర్లాండాయోయే ఆ నగరమున సాంతా త్రినిటా దేవాలయమునకు వేసిన పటములో ఆ కాపరుల పోలికలను దించుకొనెను. పసివానిని వ్రేలితో చూపుచున్న కాపరికి తన మొగమునే పెట్టెనని చెప్పుదురు. అందులో తొట్టికి బదులు పాత రోమనుల రాతి శవపేటిక యుండుట మఱియొక చమత్కారము.

ఆ కాపరుల వంశములోనివారే జోర్జోనే వేసిన యిద్దరును. అతడు వారిని పటము నడిమికి తెచ్చెను. మూలపటములో గుహ కుడివైపున ఒదిగియుండును, ఎడమవైపంతయు ఆరుబయలు, చెట్లు, నీరు, దూరమున ఇండ్లు, తేలికయైన ఆకాశము. ఒకవైపు చీకటి, ఒకవైపు పగలు. ఆ రెంటి సరిహద్దున ఈ చిరుగుబట్టలవారు నిలిచియున్నారు. పటము ఎత్తు దాదాపు మూడడుగులు; వెడల్పు మూడడుగుల ఏడంగుళములకు పైన.

1510 అక్టోబరులో మాంటువా సంస్థానపు రాణి ఇసబెల్లా దెస్తే వెనిసులోని తన మనిషికి జాబు వ్రాసెను. జోర్జోనే చనిపోయెనని తెలిసినది. అతని సొత్తులో రాత్రిని చూపు పటమొకటి చాల చక్కనిది ఉన్నదట. దానిని నాకు కొని పంపుమని ఆమె కోరెను. ఆ మనిషి విచారించి బదులు వ్రాసెను. అట్టి పటములు ఇద్దరి యిండ్లలో రెండున్నవి. కాని ఆ యజమానులు ఎంత ధనమిచ్చినను అమ్మరు. తమ సంతోషమునకై వేయించుకొన్నవట. ఆ రెంటిలో నొకటి ఈ పటమే యని కొందరు పండితుల యూహ. అది నిశ్చయము కాదు. కాని జాబులు మాత్రము నిజము. ధనమును అధికారమును గల రాణి కోరి పొందలేకపోయిన చిత్రకారుని చేతిపనిని, 1971లో అమెరికాలోని ప్రతి చాకలియు, ప్రతి బడిపిల్లవాడును ఎనిమిది సెంట్లకు పొందెను. అచ్చువేసిన ప్రతులు నూరుకోట్లకు మించినవి.

ఆ పటము రాణిని తప్పించుకొన్నను అంగడిని తప్పించుకొనలేదు. చాలకాలము ఇంగ్లండులో అలెండేలు ప్రభువుల యింట నుండి, 1937లో డ్యువీన్ అను ప్రసిద్ధుడైన చిత్రవర్తకుని చేతికి వచ్చెను. అతనికి జోర్జోనే పేరు కావలెను. జోర్జోనే పటములు మిక్కిలి అరుదు గనుక వెల హెచ్చును. అతనికి పటముల కర్తలను నిర్ణయించి చెప్పు పండితుడు బెరెన్సన్. ఆయన, ఇది జోర్జోనేది కాదు, టిషియన్ పడుచుతనమున వేసినదనెను. వర్తకుడు బ్రతిమాలినను పండితుడు మాట మార్చుకొనలేదు. ముప్పదియేండ్ల వ్యాపారస్నేహము దానితో తెగిపోయెను. తుదకు 1938లో దీనిని కొన్నవాడు శామ్యూల్ క్రెస్. ఈయన రాజు కాడు, ప్రభువు కాడు. ఐదు సెంట్లకు పది సెంట్లకు చిల్లరవస్తువులమ్ము దుకాణములను ఊరూర పెట్టి కోట్లు గడించిన వర్తకుడు. ఆ సంవత్సరము క్రిస్మసునకు ఆయన ఈ పటమును న్యూయార్కులోని తన దుకాణపు అద్దాల కిటికీలో పెట్టించెను. వీథిలో పోవువారు నిలిచి చూచిరి. తరువాత తన చిత్రసంపదతోపాటు దీనిని జాతికి దానమిచ్చెను. 1941లో వాషింగ్టనున తెరచిన జాతీయ చిత్రశాలలో ఇది చేరెను. నేటి పండితులలో పెక్కుమంది దీనిని జోర్జోనేదిగనే యెంచుచున్నారు. ఆ చిల్లరదుకాణపు కిటికీయే తపాలా బిళ్ళకు మొదటిమెట్టని నా యభిప్రాయము.

ఇప్పుడు బిళ్ళల చరిత్ర కొంచెము. తపాలా బిళ్ళ యనునది 1840లో ఇంగ్లండున పుట్టినది. మొదట దానిపై రాణి తల తప్ప వేరొండు లేదు. 1898లో కెనడావారు వేసిన యొక బిళ్ళపై క్రిస్మసు అను మాట కనబడెను. కాని దానిమీద నున్నది బ్రిటిషు సామ్రాజ్యపు భూపటము. 1943లో యుద్ధము నడుమ హంగేరీవారు కాపరులు, తొట్టిలోని శిశువు, జ్ఞానులు ముగ్గురును గల మూడు బిళ్ళలు వేసిరి. 1960లో న్యూజీలాండువారు రెంబ్రాంట్ పటమును క్రిస్మసు బిళ్ళగా తెచ్చిరి. అటుపిమ్మట దేశదేశములలో ఇది యాచారమైనది.

అమెరికాలో మాత్రము ఇది చిక్కుతో కూడిన పని. ఆ దేశపు రాజ్యాంగమునకు చేసిన మొదటి సవరణలోనే, ప్రభుత్వము ఏ మతమును స్థాపింపరాదని యున్నది. అందుచేత 1962లో వారు మొదటి క్రిస్మసు బిళ్ళ వేసినపుడు దానిపై ద్వారము, ఆకుల దండ, క్రొవ్వొత్తులు మాత్రమే యుంచిరి. 1966లో ధైర్యము చేసి, బ్రూజ్ నగరవాసియైన మెమ్లింగ్ వేసిన మరియమ్మను బాలయేసును ఐదు సెంట్ల బిళ్ళపై నచ్చువేసిరి. వెంటనే కలహము పుట్టెను. తపాలాశాఖ అందరిది, యూదులు, నాస్తికులు, మరియమ్మను పూజింపని ప్రొటెస్టంటులు అందరు చెల్లించు సొమ్ముతో నడచునది, అట్టిది ఒక మతపు పూజామూర్తిని అచ్చువేసి పంచుట యేమి న్యాయమని ఆక్షేపించిరి. న్యాయస్థానమునకును ఎక్కిరి. అయినను బిళ్ళలు ఆగలేదు. 1967లో అదే పటమును పెద్దబిళ్ళపై మరల అచ్చువేసిరి. ప్రభుత్వపక్షమువారి జవాబు, ఇది మతము కాదు, కళ. మా జాతీయ చిత్రశాలలోని సొత్తు అని.

ఈ జవాబు నాకు సగమే రుచించినది. కళయే అయినచో డిసెంబరులోనే ఏల వేయవలెను? ఏ పర్వతపు పటమో పూలగుత్తియో వేయరాదా? మోకరించిన తల్లిని చూచి మోకరింపదలచువారు కోట్లమంది ఉన్నారని యెఱిగియే వేసిరి. ఆ సంగతి ఒప్పుకొనక కళయను ముసుగు కప్పుట భక్తునికి గౌరవము కాదు, ఆక్షేపకునికి సమాధానము కాదు. ఊరుమ్మడి సొమ్ముతో ఏ గుడి ముందు పందిరి వేయవలెనని రచ్చబండమీద వాదములు విన్న మీకు ఈ చిక్కు తెలియనిది కాదు. తరువాత వారు చేసిన యేర్పాటు నాకు నచ్చినది. 1970లో లొరెంజో లోటో వేసిన క్రీస్తు జననపు పటముతోపాటు, పాతకాలపు పిల్లల ఆటబొమ్మలు గల బిళ్ళలను కూడ క్రిస్మసునకు వేసిరి. 1971లో జోర్జోనే పటమునకు జంటగా కొమ్మమీద పక్షి గల బిళ్ళ వచ్చెను. రెండింటికి వెల యొక్కటే. కొనువాడు తనకు కావలసినది అడిగి కొనును. వలదన్న పటమును ఎవ్వరును నాలుకతో తడిపి అంటింపనక్కరలేదు. వ్యాజ్యముచేత తెగని కలహము కిటికీయొద్ద గుమాస్తా అడుగు చిన్న ప్రశ్నతో చాలవరకు చల్లారెను.

ప్రసంగవశమున నొక వినోదము చెప్పవలెను. 1971కి ముందు అరబ్బు తీరమున అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ మొదలగు చిన్న సంస్థానము లుండెడివి. అచట ప్రభువులు ముసల్మానులు. ఉత్తరములు వ్రాయువారు కొద్దిమంది. అయినను ఆ సంస్థానముల పేర మరియమ్మ, బాలయేసు, జ్ఞానుల పటములతో బిళ్ళలు గుట్టలుగా వెలువడెను. అవి ఆ యెడారి తపాలాకు కాదు. ఐరోపాలో బిళ్ళలు ప్రోగుచేయు వ్యసనము గలవారికై దళారులు అచ్చువేయించినవి. అమెరికాలో మతమా కళయా అని వాదించుకొనుచుండగా, అచట వర్తకమని ఒక్కమాటతో తేల్చివేసిరి. ఆ సంస్థానములు తరువాత ఒక్కరాజ్యముగా కూడినవి. ఆ బిళ్ళల సంత కట్టుబడెను.

ఇక పటము బిళ్ళగా మారు విధము. పూర్వము నిపుణుడైన చెక్కడపువాడు ఉక్కుపలకపై ఉలితో సన్ననిగీతలు చెక్కెడివాడు. ఆ పద్ధతిలో తల రేఖలు చక్కగా వచ్చును గాని, రంగు రంగులో కరగిపోవు తైలవర్ణపటము గీతలపాలగును. పిమ్మట ఫోటోగ్రావ్యూరు అను పద్ధతి వాడుకలోనికి వచ్చినది. పటమును ఛాయాచిత్రము తీసి, రంగుటద్దముల సాయమున పసుపును, ఎఱుపును, నీలమును, నలుపును వేరుచేయుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాగిరోలరుపై కంటికానని గుంటలు త్రవ్వుదురు. గుంట లోతైనచో సిరా ఎక్కువ నిలిచి రంగు చిక్కనగును. లోతు తక్కువైనచో పలుచనగును. కాగితము ఒక్కొక్క రోలరుక్రింద నడచి రంగులన్నియు తొడుగుకొని బయటికి వచ్చును. గుహలోని చీకటికిని బయటి పగటికిని మధ్యనున్న మెల్లని మార్పు ఇట్లు కొంతవరకు దక్కును.

కొంతవరకే. మూలపటపు వైశాల్యముతో పోల్చినచో బిళ్ళ వేయింట నొకవంతు. జోర్జోనే తైలవర్ణములను పొరపై పొరగా పలుచగా పూసి, క్రిందిపొర పైపొరలోనుండి మెఱయునట్లు చేసెను. సిరాచుక్కకు ఆ లోతు లేదు. లోటో పటము సంగతి మఱియొకటి. 1523లో వేసిన ఆ మూలపటమే చిన్నది. ఎత్తు ఒకటిన్నర అడుగు మాత్రమే. దేవాలయమునకు కాదు, ఒకరి యింట ఏకాంతప్రార్థనకు తగినది. అల్లిన బుట్టలో పసివాడు తల్లివైపు చేతులు చాచుచుండును. తలిదండ్రు లిద్దరు ఇరువైపుల మోకరించియుందురు. ఆ పశువులకొట్టపు గోడకు, చీకటిలో, శిలువపై క్రీస్తు వ్రేలాడు చిన్న ప్రతిమ తగిలింపబడియుండును! పుట్టిన రాత్రియే ఆ శిశువు మరణము గోడమీద నున్నది. కాలక్రమమునకు విరుద్ధమే, కాని భక్తునికి అర్థమగును. పటము ముందు మోకరించినవాడు బిడ్డను చూచి నవ్వి, కొంతసేపటికి దృష్టి పైకి పోగా ఆ ప్రతిమను కనుగొని ఉలికిపడవలెనని లోటో తలంపు. ఆ ఉలికిపాటునకు సమయము కావలెను, నిలకడ కావలెను. ఉత్తరము అందుకొన్నవానికి కావలసినది లోపలి సమాచారము. అతడు కవరు చించి పారవేయును. పోయినది రంగు మాత్రమే కాదు; నిలిచి చూచెడి కాలము.

అటులని బిళ్ళను నిందింపలేను. 1894లో రవివర్మ బొంబాయి ప్రాంతమున అచ్చుకూటము పెట్టిన తరువాతనే సంస్థానాధీశుల మేడలలోని లక్ష్మీ సరస్వతులు పూరిండ్ల గోడలకు వచ్చిరి. రంగులు చెడినవని పెద్దవారు ముక్కు విరిచిరి; అయినను పూరింటివారు వానికి కుంకుమ పెట్టిరి. వెనిసులో ఇద్దరు ధనికులు తమ సంతోషమునకై దాచుకొన్నట్టి పటమును నేను, వెనిసు చూడనివాడను, ఇన్ని యేండ్లుగా చూచుచున్నాను. ఇది లేనిచో కాపరులు నాకు తెలియరు.

మీ ఊరిలో ఎవరి పిల్లలకైన విదేశములనుండి పాత ఉత్తరములు వచ్చియుండినచో, కవర్లు పారవేయకుడు. పంచాంగము చూచుకొను భూతద్దమును తీసి వానిపై నుంచుడు. మొదట తల్లి మోకరించియున్నదా, పరుండియున్నదా చూడుడు. దానినిబట్టి బ్రిజిట్టాకు ముందటి యాచారమో తరువాతిదో చాలవరకు చెప్పవచ్చును. ఆమె పైవస్త్రము నీలమో కాదో చూడుడు. ఎద్దు గాడిద ఎచట నున్నవో వెదకుడు, చీకటిలో దాగియుండును. పిదప కాపరుల చేతులవైపు చూడుడు.

నా బిళ్ళమీద తపాలా ముద్ర ఒకమూల పడినది. నల్లగీత యొకటి గుహ రాతిమీదుగా పోయినది. గుమాస్తా చేయి మఱి కొంచెము ప్రక్కకు జరిగియున్నచో పసివాని మొగము మాసియుండును. ఆ మొగము బియ్యపుగింజలో సగము కూడ లేదు. వంగుచున్న కాపరి మోకాలు ఇంకను నేలకు తాకలేదు; భూతద్దములో స్పష్టముగా కనబడుచున్నది.